సిద్ధయ్య తెర

ఆ శుక్రవారం తెల్లారేసరికి ఆకాశం పసుపు కలిపిన బూడిద మాదిరి ఉంది. సూర్యుడు ఉన్నాడో లేడో తెలీదు. కువైట్‌లో, ఖైతాన్ పేటలో మా రూము కిటికీకి తడిగుడ్డ కట్టి, అల్లాబకష్ గొంతు సవరించుకుంటున్నాడు.

"ఈ దుమ్ములో మామా బయటికి పంపిస్తాదో లేదో," అన్నాడు.

మామా అంటే ఆయన భార్య బషీరా బీ వంట చేసే ఇంటి యజమానురాలు. ఊళ్లో ఈయన ఎన్నో రాజు వేషాలు కట్టాడు గానీ, వాళ్లింటి ఆడవాళ్లు నాటకాలకు పోయేవాళ్లు కాదు. ఇంటికొచ్చి చెప్పుకోవడమే. "రాజంట, రాజు! చూసినోళ్లు చెప్పాల," అని ఆమె నవ్వేది. కువైట్‌కు వచ్చాక ఆ రోజు కట్టబోయేదే ఆయన మొదటి వేషం. మగ్రిబ్, అంటే సందె నమాజు వేళకు ఆమెను తీసుకుపోవడానికి డ్రైవరు వస్తాడు. ఆ లోపలే రాజు చివరి మాటలు ఆమె చెవిన పడాలి.

నాటకం రాసిందీ నేర్పిందీ టైలరు అన్వర్ బాషా. నేను ప్రాంప్టర్‌ను. పక్కన నిలబడి, మరిచిపోయినవాళ్లకు మాట అందించాలి. నాకు తగిన పనే. సొంత మాట ఒక్కటీ అక్కర్లేదు.

తెర సిద్ధయ్యది. అల్ రాయ్‌లో ఒక గోడౌన్లో క్రేను నడుపుతాడు. రిహార్సల్లో బాషా వాడికి అన్నీ చెప్పాడు, ప్రవేశం, నిష్క్రమణ, స్టేజీ పక్కనుండే వింగు.

"స్వగతమంటే ఏందన్నా?"

"మనసులో అనుకునేది రా. గట్టిగా అనాల. పక్కనుండే మంత్రికి ఇనపడగూడదు, ఆఖరు కుర్చీలో ఉండేటోడికి ఇనపడాల."

"మా కఫీల్ సేటు మీద నేననేదంతా అదేలే!"

తెర మాత్రం ప్రతిసారీ ఆలస్యమే. సిద్ధయ్య నాటకం వింటూ తాడు మరిచిపోయేవాడు. బాషా విసిగిపోయాడు.

"క్రేను కాడ ఎవరి మాట ఇని దించుతావ్ రా?"

"మాట ఏడుంటాది, ఆ మోతలో? చెయ్యే. ఏలు పైకి తిప్పితే ఎత్తు, కిందికి తిప్పితే దించు. రెండు చేతులూ చాపితే ఆపు. ఆపు మాత్రం ఎవరు చూపినా ఆపాల్సిందే. చూపినోడే బొటనేలు ఎత్తితే గానీ మళ్లా కదిలించగూడదు."

"యల్లా, అట్లే కానీ. అవతలి వింగులో నిలబడి నేను చూపిస్తా."

ఆ మాట విన్నది మేం ముగ్గురమే. అల్లాబకష్ అప్పుడు కిరీటానికి రంగు కాగితం అంటిస్తున్నాడు.

బషీరా బీ వచ్చింది. ముందు వరసలో కూర్చుంది. ఆఖరి రంగం దాకా నాటకం బాగానే నడిచింది. అప్పుడు రాజుకు మంత్రి మీద కోపం వచ్చింది. వేలు నేలకేసి గిర్రున తిప్పాడు.

"పడరా నా పాదాల మీద!"

సిద్ధయ్య చూపు రాజు చేతి మీదే ఉంది. తెర దిగసాగింది.

అవతల బాషా రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. ఇంతలో రాజు మంత్రి నిర్దోషి అని తెలుసుకుని, "అయ్యో దైవమా!" అని రెండు చేతులూ చాపాడు. తెర నడుము కాడ ఆగిపోయింది.

"ఎత్తు రా," అన్నాను.

"ఆయన ఆపు చూపినాడు. ఆయనే ఎత్తాల బొటనేలు."

నేను రాజు వైపు వంగి, "బొటనవేలు ఎత్తు," అని అందించాను. ప్రాంప్టర్ చెప్పింది పలకడం ఆయనకు అలవాటు.

"బొటనవేలు ఎత్తు!" అని గర్జించాడు.

మంత్రి ఎత్తాడు.

"చూపినోడు ఆయన కాదే," అన్నాడు సిద్ధయ్య, తాడు వదలకుండా.

"రాజుకు కాళ్లు బాగుండాయబ్బా!" అని ఎవరో అరిచారు. అదే సమయానికి తలుపు కాడ డ్రైవరు పాల్‌రాజు కనిపించాడు. గోదావరి మనిషి.

"అక్కా, బయల్దేరదామండి. మామా ఒకటే ఫోన్లు."

తెర కింద నుంచి మాకు కనిపించేవి ముందు వరస చెప్పులే. బషీరా బీ చెప్పులు లేచాయి. తలుపు వైపు తిరిగాయి. అల్లాబకష్ వాటినే చూస్తున్నాడు.

రాజు నిలబడి స్వగతం చెప్పి, తర్వాత చావాలి. ఆయన ముందే చచ్చాడు. దబ్బుమని పడి, చెంప నేలకానించి, తెర అంచు కింద నుంచి జనానికి ముఖం చూపించాడు. కిరీటం దొర్లిపోయింది.

"రాజ్యమంతా నన్ను చూసింది," అన్నాడు. "నా ఇల్లొక్కటే చూడలేదు."

అది నా కాగితంలో లేదు. చెప్పులు ఆగాయి. ఆమె నేల మీదే గొంతుక్కూర్చుని, తల వంచి చూసింది. పాల్‌రాజు కూడా చతికిలబడ్డాడు. మిగతా స్వగతం ఒక్క మాట పోకుండా చెప్పి, రాజు కళ్లు మూశాడు.

చప్పట్లు ఆగలేదు. "బొటనేలు, అల్లాబకష్, నీ బొటనేలు!" అన్నాను. చచ్చిన రాజు బొటనవేలు లేచింది. అప్పుడు గానీ సిద్ధయ్య తెర ఎత్తలేదు.

వేషాల గదిలో పాల్‌రాజు, "దుమ్మండి, రోడ్డు కనపడట్లేదండి," అని ఫోన్లో మామాకు చెప్పి, తనూ పళ్లెం కాడ కూర్చున్నాడు. బషీరా బీ తెచ్చిన బిర్యానీ మూత తీసింది. బాషాకు కోపం. సిద్ధయ్య తల ఎత్తడు. అల్లాబకష్ ఆమె ఏమంటుందోనని చూస్తున్నాడు. ఆమె కొంగుతో ఆయన చెంపకంటిన దుమ్ము తుడిచి, పెద్ద ముక్క ఆయన ముందుకు తోసింది.

సిద్ధయ్య గిన్నె తీసుకుని వడ్డించసాగాడు. బాషా చాలని రెండు చేతులూ చాపాడు. గరిటె గాల్లోనే ఆగిపోయింది. అందరం బాషా వైపు చూశాం. ఆయన చాలాసేపు బిగుసుకుని కూర్చుని, చివరికి బొటనవేలు ఎత్తాడు. గరిటె కదిలింది. తలలు వంచుకుని తిన్నాం.