తెర మీద లేని కోరా

"ఆ ఇస్త్రీ తర్వాత చేద్దువుగాని, ఈ పుస్తకం ఎలా ఉందో రెండు ముక్కలు చెప్పు" అన్నాడు లెన్.

అతని భార్య వెర్నా ఇస్త్రీ ఆపలేదు. లెన్ చొక్కా కాలరు మీద పెట్టె నొక్కిపట్టి, "సినిమాలో కెప్టెన్ కంటే పుస్తకంలో కెప్టెనే నయం. భయపడతాడు. రాసినాయనకి యుద్ధమంటే ఏమిటో తెలుసు. చివర్లో మాత్రం బస్సు తప్పిపోతుందన్నట్టు పరిగెత్తాడు" అంది. వంటింటి బల్ల దగ్గర కూచున్న లెన్ టైపు మెషిన్ మీద టకటకా కొట్టుకున్నాడు. కొట్టింది పైకి చదువుకున్నాడు. "ఈ రచయితకి యుద్ధం తెలుసు. ముగింపులో మాత్రం బస్సు తప్పిపోతుందేమోనని పరుగు. భలే వచ్చింది కదూ!" అని తనే మురిసిపోయి, కింద తన పేరు కొట్టాడు. లెనార్డ్ సోబ్‌చాక్, అధ్యక్షుడు.

అమెరికాలో సరస్సు ఒడ్డునున్న ఈరీ ఊళ్ళో సైన్స్ ఫిక్షన్ క్లబ్బు అంటే లెన్ సోబ్‌చాకే. పగలు రైలింజన్ల కార్ఖానాలో డ్రాయింగులు గీస్తాడు, శనివారాలు ఇంటి నేలమాళిగలో క్లబ్బు నడుపుతాడు. క్లబ్బు పత్రికలో వెండితెర నవలల మీద అతను రాసే పేజీ కోసం పక్క ఊళ్ళవాళ్ళు కూడా చందా కడతారు. అంతరిక్షం సినిమా వచ్చిన ప్రతిసారీ దాని వెనకాలే ఓ అట్ట పుస్తకం వస్తుంది కదా, వాటిలో ఏది చదవదగ్గది, ఏది పారెయ్యదగ్గది అనే మాట దగ్గర లెన్ తీర్పుకి తిరుగులేదు. అతను మంచివాడే. తాగడు, అరవడు, జీతం తెచ్చి చేతిలో పెడతాడు. పుస్తకాలు మాత్రం చదవడు. సినిమా చూసొస్తాడు, పుస్తకం కొనుక్కొస్తాడు, అది వెర్నా చదువుతుంది.

చదవడం ఆమెకి ఓ సినిమా సగంలో లేచి రావడంతో మొదలైంది. అప్పుడు కూతురు రీటా చంటిపిల్ల. హాల్లో పిల్ల గుక్కపెడితే లెన్ తెర మీంచి కళ్ళు తిప్పకుండానే "కాస్త బయటికి తీసుకెళ్ళవా" అన్నాడు. మిగతా సినిమా అంతా వెర్నా పాప్‌కార్న్ మెషిన్ పక్కన నిలబడి, పిల్లని భుజాన వేసుకుని, తలుపుల వెనక పేలుళ్ళు వింటూ గడిపింది. ఆ తర్వాత దగ్గుమందు కోసం మందుల షాపుకి వెళ్తే, అక్కడ గిర్రున తిరిగే తీగల స్టాండులో అదే సినిమా పుస్తకమై కనిపించింది. తను చూడని సగం ఏమైందో చూద్దామని తెరిచింది. సినిమాలో నౌకకి దారి చూపే ఆడమనిషి ఒకామె ఉంది. చూసినంతలో ఆమె చేసిందల్లా మగవాళ్ళకి కాఫీ అందించడం, "కెప్టెన్!" అని కేక పెట్టడం. పుస్తకంలో ఆ కేకకి ముందు మూడు పేజీలున్నాయి. కెప్టెన్ వేసిన దారి తప్పు అని ఆమెకి తెలుసు. చెబితే ఏమంటాడో తెలుసు. చెప్పకపోతే ఏమవుతుందో కూడా తెలుసు. నోరు తెరిచేలోపు ఆమె మనసులో ఎన్ని మాటలు వచ్చి వెనక్కి పోయాయో అన్నీ ఉన్నాయక్కడ. మందులాయన పేరు పెట్టి పిలుస్తూనే ఉన్నాడు, వెర్నాకి వినపడలేదు.

అప్పట్నుంచీ ఆమెకి ఒక లెక్క తెలిసిపోయింది. ఈ పుస్తకాలు రాసేవాళ్ళు కూలికి రాస్తారు. చేతిలో స్క్రిప్టు పెట్టి, ఇన్నాళ్ళలో ఇన్ని పేజీలు నింపు అంటారు. కొందరు తుపాకుల వర్ణనతో నింపుతారు. కొందరు ఒక్క మాట కలపకుండా స్క్రిప్టునే ఉతికి ఆరేసి ఇచ్చేస్తారు. ఎక్కడో ఒకరు మాత్రం, కెమెరా చూడనివైపు చూస్తారు. తలుపు మూసుకున్నాక ఆ గదిలో మిగిలిన మనిషి ఏం చేసిందో చూస్తారు. అందుకని వెర్నా మొదటి పేజీ చదివేది కాదు. కథలో ఆడమనిషి ఒంటరిగా మిగిలే చోటు వెతికి అక్కడ తెరిచేది. ఆ చోట ఏమీ లేకపోతే పుస్తకం మూసేసేది. యుద్ధం పుస్తకాల్లో అయితే భయపడే మగవాణ్ణి వెతికేది. దాదాపు ఎప్పుడూ ఒక్కటే తేలేది, ఒకళ్ళ మనసు చూడగలిగినవాడు ఇంకొకళ్ళదీ చూస్తాడు.

ఆ చలికాలం గ్రంథాలయం నుంచి ఐడా ప్రూయిట్ అనే ఆవిడ ఫోన్ చేసింది. వాళ్ళ శాఖలో వెండితెర నవలలు పెట్టమని జనం అడుగుతున్నారట, కమిటీ పెద్దలేమో చెత్త అంటున్నారట. "ఒక శనివారం వచ్చి మాట్లాడండి, మిస్టర్ సోబ్‌చాక్. ఏవి చదవదగ్గవో, ఎందుకో చెప్పండి. మీరు ఎంచినవాటితో ఒక అర నింపుదాం" అంది. లెన్ ఫోన్ పెట్టేసి వంటింట్లోకి వచ్చి వెర్నాని నడుం పట్టుకుని తిప్పాడు.

"ఓ డజను ఎంచాలి, వెర్నా! నువ్వు ఎలాగూ చదువుతావుగా."

ఎలాగూ. గిన్నెలు తోముతూ వెర్నా ఆ మాటనే నమిలింది. ఎలాగూ పొయ్యి దగ్గరున్నావుగా, నలుగురికీ కాఫీ పెట్టు. ఎలాగూ లేచావుగా, పిల్లాణ్ణి చూడు. ఎలాగూ ఇంట్లోనే ఉంటావుగా, అమ్మని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు. తను చేసే పనులన్నీ ఎలాగూ జరిగిపోయేవే, వాన కురిసినట్టూ మంచు పడినట్టూ. ఎవరో పూనుకుని చేస్తేగాని జరగనివి కావు. అయినా చదివింది. కోపంతో కాదు, ఆశతో చదివింది. ఇస్త్రీ బల్ల చివర పుస్తకానికి గిన్నె బరువు పెట్టి చదివింది, లాండ్రీలో బట్టలు తిరుగుతుంటే చదివింది, రీటా బడి బయట కారులో కూచుని, వెనక సీట్లో చిన్నాడు టాడ్ నిద్రపోతుంటే చదివింది. ఒక అర నిండా తను ఎంచిన పుస్తకాలే ఉంటాయి. పేరు ఎవరిదైతేనేం అనుకుంది. అప్పటికి అలాగే అనుకుంది.

అప్పుడే చేతికొచ్చింది 'మంచు చంద్రుడి రాక్షసులు'. ఆ సినిమా పేరెత్తితే క్లబ్బంతా పొట్ట పట్టుకుని నవ్వేది. రబ్బరు రాక్షసుడి వీపు మీద జిప్పు కనిపిస్తుంది మరి. సినిమాలో కోరా అనే అమ్మాయి మొదట్లోనే, జనం సీట్లలో సర్దుకునేలోపే చచ్చిపోతుంది, ఆమె మొగుడు పగ తీర్చుకోవాలి కాబట్టి. పుస్తకం రాసినవాళ్ళెవరో గాని ఆమెని చావనివ్వలేదు. సగం పుస్తకం ఆమెదే. మంచు తప్ప ఏమీ లేని చోట, దారి తప్పిన నౌకలకి దీపంతో సంకేతం పంపే ఒంటరి కేంద్రంలో ఆమె కాపలా. పారిపోవడానికి చిన్న నౌక ఉంది. పోతే ఆ దీపం ఆరిపోతుంది. దీపం దగ్గర ఉండిపోవడం ఆమె ఎంచుకున్న పని. ఎవరూ పొమ్మనలేదు, ఉండమనలేదు. చదివాక వెర్నా బడి గంట కొట్టినా కారు దిగలేదు. రీటా వచ్చి అద్దం మీద కొట్టింది.

ఆ కథ అత్తగారికి చెప్పింది. అత్తగారు స్టాషా ఇంగ్లీషు మాట్లాడుతుంది గాని చదవడం రాదు. చదివే కోడలంటే ఆవిడకి చులకన. "పెళ్ళయి ఇద్దరు పిల్లల్ని కన్నదానికి రాకెట్ల గొడవేమిటే! ఆ కళ్ళేవో పిండి మీద పెట్టు, పియెరోగీలు పగులుతున్నాయి" అనేది. ఆ రోజు పిండి బిళ్ళల్లో బంగాళాదుంప కూరి అంచులు నొక్కుతూ వెర్నా కోరా కథ మొదలుపెడితే ఆవిడ వద్దనలేదు. మర్నాడు తనే పిండి కలిపిపెట్టి కూచుంది. "నిన్న ఎక్కడ ఆపావు? ఆ దీపం పిల్ల ఆ చిన్న ఓడ ఎక్కిందా?"

"ఎక్కలేదు అత్తయ్యా. తలుపు దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది."

స్టాషా వేళ్ళు పిండి మీద ఆగాయి. "నేనైతే ఎక్కేసేదాన్ని" అంది. మరో పియెరోగీ అంచు నొక్కి, "ఏమో. ఎక్కేదాన్ని కాదేమో" అంది.

వెర్నా ఆ పుస్తకాన్ని మొదటి స్థానంలో పెట్టింది. లెన్ చూసి నవ్వేశాడు. "ఇదా? జిప్పు సినిమానా? నా పరువు తీస్తావా?"

"మనం చెప్పేది సినిమా గురించి కాదుగా, లెన్. పుస్తకం గురించి. నువ్వొక్కసారి చదివి చూడు."

"నీకు తెలీదులే, జనం ముందు నిలబడేది నేను." ఆ పుస్తకం తీసేసి, ఆ ఏడు ఊరంతా ఎగబడి చూసిన 'నక్షత్ర సింహాసనం' పెట్టాడు. దాని నవల ఉతికి ఆరేసిన బాపతు. వెర్నా అదే చెప్పింది. "ఒకటి మార్చాను, మిగతావన్నీ నీవేగా. ఇంత రాద్ధాంతం దేనికి?" అన్నాడు లెన్. పిల్లాడు ఏడ్చాడు. ఆమె లేచి వెళ్ళింది.

శనివారం గ్రంథాలయం నిండిపోయింది. హైస్కూలు పిల్లలు, డ్యూటీ దిగి అలాగే వచ్చిన నర్సులు, కార్ఖానావాళ్ళు, ముందు వరసలో చేతులు కట్టుకుని కమిటీ పెద్దమనిషి ఒకాయన. వెర్నా ఒళ్ళో టాడ్, ఓ పక్క రీటా, ఇంకో పక్క చర్చికి వెళ్ళే టోపీ పెట్టుకుని అత్తగారు. లెన్ కొత్త టై కట్టుకుని ఒక్కో పుస్తకం ఎత్తి చూపిస్తూ దంచేశాడు. బస్సు తప్పిపోతుందేమోనని పరుగు అనగానే హాలంతా గొల్లున నవ్వింది. కమిటీ పెద్దమనిషి కూడా నవ్వాడు. వెర్నా నవ్వలేదు. తన మాటలు తన ఎదుటే టై కట్టుకుని నిలబడి తనని గుర్తుపట్టనట్టు నటిస్తుంటే ఎలా నవ్వుతుంది? పేరు ఎవరిదైతేనేం అనుకున్నది ఈ గదిలోకి రాకముందు. ఇప్పుడు సూది గుచ్చినట్టు తెలుస్తోంది. పేరే కావాలి తనకి. తన మాటకి తన నోరే కావాలి.

లెన్ ముగించి నీళ్ళు తాగుతుంటే స్టాషా చేతిసంచీ పైకెత్తింది.

"ఒరే లెన్, ఆ దీపం పిల్ల ఏదిరా?"

"అమ్మా, తర్వాత..."

"తర్వాతేమిటి? మంచు మీద ఒక్కతే ఉంటుందే, కోరా! అన్నిట్లోకీ అదే గొప్పదంది వెర్నా. నువ్వసలు దాని ఊసే ఎత్తలేదేం?"

జనం తిరిగి చూశారు. ఐడా ప్రూయిట్ కుర్చీలో ముందుకి జరిగింది. "ఆ పుస్తకం ఏమిటి, మిస్టర్ సోబ్‌చాక్? వినాలనుంది" అంది.

లెన్ పేరు చెప్పాడు. పిల్లలు జిప్పు, జిప్పు అని కిచకిచలాడారు. "సినిమా చెత్తే" అన్నాడు లెన్. "పుస్తకం మాత్రం... పుస్తకంలో కోరా..." అక్కడ ఆగిపోయాడు. మెడ ఎర్రబడింది. వెర్నా వైపు చూసి గడ్డం కొంచెం ఎత్తాడు. ఇంట్లో టైపు మెషిన్ దగ్గర చేసే సైగ అది. రెండు ముక్కలు అందించు అని.

అందించడం ఎంతసేపు? నోటి చివరే ఉన్నాయి. వెర్నా లేచింది. నేరుగా ముందుకి నడిచి, టాడ్‌ని లెన్ చేతుల్లో పెట్టింది. "పట్టుకో. ముక్కు తుడవాలి, రుమాలు వాడి జేబులో ఉంది" అంది. తర్వాత జనం వైపు తిరిగింది.

ఇన్నేళ్ళుగా ఆవిరిలోకీ సబ్బునీళ్ళలోకీ మాట్లాడిన గొంతు, మనుషుల మొహాలు దొరికేసరికి లేచి నిలబడింది. "సినిమాలో కోరా చచ్చిపోవడానికే పుట్టింది. పుస్తకంలో బతకడానికి పుట్టింది. ఈ పుస్తకాల్లో ఏది చదవాలో ఎలా తెలుస్తుందని కదా మీరు అడిగేది? తెర మీద నోరు మెదపని మనిషిని వెతకండి. కాఫీ అందించినామెని, మొదట్లోనే చచ్చినామెని. పుస్తకంలో ఆమెకి ఆలోచన ఉంటే ఇంటికి తీసుకెళ్ళండి. లేకపోతే మళ్ళీ సినిమాకే వెళ్ళండి, పాప్‌కార్న్ అయినా దొరుకుతుంది." నవ్వులు లేచాయి. తర్వాత ఆమె కోరా కథ చెప్పింది, తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగిన చోటు దాకా. అక్కడ ఆపింది. జిప్పు అన్న పిల్లల్లో ఒకడు "తర్వాతేమైంది?" అని అరిచాడు.

"అది పుస్తకంలో ఉంది" అంది వెర్నా.

చప్పట్లు చాలాసేపు కొట్టారు. ముందు లేచింది నర్సులు. ఒకామె "ఆ పుస్తకానికి ముందు నా పేరు రాసుకోండి" అంటే, "ఆవిడ తర్వాత నాది" అన్నాడు కమిటీ పెద్దమనిషి. 'నక్షత్ర సింహాసనం' ఉంచమంటారా అని ఎవరో అడిగితే "వద్దండీ, స్క్రిప్టునే ఉతికి ఆరేసిందది" అంది వెర్నా, లెన్ వైపు చూడకుండానే. స్టాషా పక్కావిడకి "మా కోడలు" అని చెబుతోంది. అడగనివాళ్ళకి కూడా చెబుతోంది.

జనం పలచబడ్డాక ఐడా ప్రూయిట్ వచ్చి చెయ్యి పట్టుకుంది. "ప్రతి శనివారం రాగలరా? పుస్తకాలు మీరు ఎంచాలి, జనంతో మీరు మాట్లాడాలి. ఊరికే కాదు, ఇది ఉద్యోగమే."

"ఆవిడకి శనివారాలు కుదరదండీ, పిల్లలూ, మా క్లబ్బూ..." అన్నాడు లెన్. టాడ్ అతని కొత్త టై నములుతున్నాడు.

"కుదురుతుంది" అంది వెర్నా ఐడాతో. తర్వాత మొగుడితో మెల్లగా, కోపం లేకుండా అంది. "పిల్లల్ని క్లబ్బులోనే కూచోబెట్టుకో, లెన్. ఎలాగూ ఇంట్లోనే ఉంటావుగా."

ఇంటికి వెళ్ళేటప్పుడు లెన్ కారు నడిపాడు. సరస్సు మీంచి గాలి మంచుని రోడ్డుకి అడ్డంగా కొడుతోంది. చివరికి, "నాకు ముందే చెప్పి ఉండాల్సింది. అంత గొప్ప పుస్తకమని" అన్నాడు.

"చలికాలమంతా చెప్పాను."

లెన్ రోడ్డు మీంచి కళ్ళు తిప్పకుండానే, "ఆ కోరా... చివరికి దీపం ఆర్పేసిందా?" అని అడిగాడు. వెనక సీట్లో స్టాషా ఫక్కున నవ్వింది. వెర్నా చేతిసంచీలోంచి ఆ అట్ట పుస్తకం తీసి, స్టీరింగు పక్కన, అతనికి అందేచోట పెట్టింది. ఆపైన ఐడా ఇచ్చిన కొత్త పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, ఆడమనిషి ఒంటరిగా మిగిలే చోటు వెతకడం మొదలుపెట్టింది. టాడ్ ఏడుపు అందుకున్నాడు. ఆమె తల ఎత్తలేదు. లెన్ కారు పక్కకి తీసి ఆపి, వాణ్ణి ఎత్తుకున్నాడు.