రెండుసార్లు తడితే వదలాలి

మా ఆయన తెల్లకోటు ఇస్త్రీ చెయ్యబోతే తెలిసింది, నా కుడి భుజం పైకి లేవడం లేదని. ఎడమచేత్తో పెట్టె పట్టుకుని కాలరు మీద మడత పోయేదాకా రుద్దుతుంటే అత్తగారు గుమ్మంలోకి వచ్చి నిలబడి, ఎడమచేత్తో ఇస్త్రీ ఏమిటి, వాడు చూస్తే బాధపడతాడు అన్నారు. ఏమైందని మాత్రం అడగలేదు. ఆవిడకి తెలుసు. వంటింటికీ ఆవిడ గదికీ మధ్య ఉన్నది ఒక్క గోడ. నిన్న సాయంత్రం నా చెంప అణిగింది ఆ గోడకే. అటువైపు టీవీ సౌండు పెరగడం నాకు వినపడింది.

"మావాడు చుక్క ముట్టడు." పెళ్లయిన కొత్తల్లో మా అమ్మతో ఈ మాట అన్నారు అత్తగారు. ఆ తర్వాత చుట్టాలతో అన్నారు, పక్కింటివాళ్లతో అన్నారు, నేను ఒకసారి నోరు విప్పబోతే నాతోనూ అన్నారు. చుక్క ముట్టడు, సిగరెట్టు వెలిగించడు, పరాయి ఆడదాని వంక చూడడు, ఇంకేం కావాలే నీకు అని. మా అమ్మదీ అదే పాట. నిజమే, మా ఆయన తాగరు. తాగేవాళ్ల చేత మాన్పిస్తారు. ఊళ్లో మత్తు మాన్పించే ఆసుపత్రికి ఆయనే పెద్ద డాక్టరు. నేను అక్కడే కౌన్సెలర్ని. రోగుల భార్యలతో మాట్లాడ్డం నా పని. వాళ్ల కన్నీళ్లు తుడిచి, కడుపులో ఉన్నది రాబట్టి, రాసుకుని, సాయంత్రం ఇంటికొచ్చి అన్నం వండి, ఆ రాసుకున్నది ఆయన రీసెర్చికి టైపు చేసిపెట్టాలి. స్లైడ్ల మీదికి ఎక్కేసరికి ఆ మాటలన్నీ ఆయనవైపోతాయి. పేపరు చివర కృతజ్ఞతల్లో నా పేరూ ఉంటుంది, ప్రింటరు బాగుచేసినాయన పేరు కింద.

మా కుటుంబ తరగతికి ఒక పద్ధతుంది. వచ్చిన ఆడవాళ్లు ఒక్కొక్కరే లేచి నిలబడి, మా ఆయన ఫలానాది తాగుతాడు అని మొదలుపెట్టాలి. అది చెప్పనిదే మాట సాగదు. నేను ఎదురుగా కుర్చీలో కూర్చుని తల ఊపుతుంటాను. పన్ను ఊడగొట్టించుకున్నావిడా, కడుపు మీద తన్ను తిని బిడ్డని పోగొట్టుకున్నావిడా, అందరూ చివరికి వచ్చి ఆగేది ఒక్కచోటే, తాగకపోతే దేవుడండీ అని. వినగా వినగా నాకు వాళ్ల మీద అసూయ పుట్టింది. సిగ్గు లేకుండానే చెబుతున్నాను. నింద మొయ్యడానికి వాళ్లకో సీసా ఉంది. నాకు అదీ లేదు.

మా ఆయన నన్ను ఒక్కసారి కూడా కొట్టలేదు. ఆయన దగ్గర ఒక పట్టు ఉంది.

తాగుడు మానేసిన కొత్తల్లో కొందరికి ఒంటి మీద పురుగులు పాకుతున్నట్టుంటుంది. రక్తం వచ్చేలా రక్కుకుంటారు, సెలైన్ స్టాండు పీకి దొరికినవాడి తల పగలగొడతారు. ఒకడు మా హెడ్ సిస్టరు చెవి తమ్మె కొరికి నేలమీద ఉమ్మాడు. అలాంటివాణ్ణి కొట్టకూడదు, కట్టెయ్యకూడదు. వెనకనుంచి వెళ్లి, రెండు మణికట్లూ ఛాతీ మీదుగా కత్తెరలా దాటించి, గోడకి ఆనించి, మన బరువు వేసి నిలబడాలి. అరచేతుల్తో పట్టాలి. వేళ్లు బిగిస్తే మచ్చలు పడతాయి. మా వార్డులో పహిల్వాన్ అని ఒక అటెండరు ఉన్నాడు. గాలేస్తే కొట్టుకుపోయే మనిషి, అందరూ వెటకారానికి పెట్టిన పేరు. అతను కూడా ఈ పట్టుతో దున్నలాంటివాణ్ణి నిలబెట్టేస్తాడు. నేర్చుకునేవాళ్లకి రెండు నియమాలు. పట్టుబడినవాడు చెయ్యి ఎక్కడ అందితే అక్కడ రెండుసార్లు తడితే ఆ క్షణమే వదలాలి. పట్టబోయేవాడు ముందు తాను పట్టుబడి చూడాలి, ఊపిరాడకపోతే ఎలా ఉంటుందో తెలియాలి. రెండూ మా ఆయన పెట్టినవే. ఏ కాలేజీకి వెళ్లినా ఈ నియమాలు చెప్పి చప్పట్లు కొట్టించుకుంటారు.

ఇంట్లో మొదటిసారి ఆయన నన్ను అలా పట్టుకున్నప్పుడు నేను చేసిన పిచ్చిపని ఏమిటంటే, రెండుసార్లు తట్టాను. ఆయన తొడ మీద, క్లాసులో రోగి వేషం వేసినప్పుడు తట్టినట్టే. వదులుతారని నిజంగా నమ్మాను. ఆయన నా చెవి దగ్గర నవ్వారు. "ఇది క్లాసు కాదు" అన్నారు. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట అని మా అమ్మ సామెత. నాకు తోడికోడలు లేదు. ఆ నవ్వూ ఆయనే నవ్వారు. దాని తర్వాత నేర్చుకున్నాను. ఆయన వెనక అడుగు చప్పుడు కాగానే నా చేతులు నేనే కత్తెర వేసి ఇచ్చేసేదాన్ని, తొందరగా అయిపోతుందని.

నిన్న కారణం చిన్నది. ఏదో కాలేజీలో మానసిక ఆరోగ్యం మీద ఆయన ఉపన్యాసం. ఒక అమ్మాయి లేచి, తాగనివాళ్లు కూడా ఇంట్లో కొడతారు కదండీ, దానికి వైద్యమేమిటి అని అడిగింది. మత్తు లేనిదే మగాడి చెయ్యి లేవదమ్మా అని ఆయన జవాబు. హాలంతా చప్పట్లు. సాయంత్రం గిన్నెలు తోముతూ, ఆ పిల్లకి అలా చెప్పకుండా ఉండాల్సిందండీ అన్నాను. అంతే. చేతికున్న సబ్బు నురగ కూడా కడుక్కోనివ్వలేదు. చెంప టైల్సుకి అణిగి పెదవి లోపల పన్ను దిగింది. నోట్లో ఉప్పగా రక్తం. మణికట్లు దాటించి పైకి లాగుతుంటే భుజంలో ఏదో తడికట్టె విరిగినట్టు చప్పుడైంది. ఆ చప్పుడు ఆయనా విన్నారు, ఇంకొంచెం లాగారు. ఊపిరి లోపలికి పోవడం లేదు. కళ్లముందు టైలు మీది పువ్వు నల్లబడిపోతోంది. ఎప్పుడో మానుకున్న అలవాటు, చచ్చిపోతున్నాననుకున్నప్పుడు తిరిగొచ్చింది. తట్టాను. తడుతూనే ఉన్నాను. అత్తగారి టీవీలో ఎవరో పాట పాడుతున్నారు.

వదిలాక ఆయన నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, డాక్టరు కదా, భుజం నొక్కి చూశారు. ఎముక జారలేదు, వాపు రెండురోజుల్లో పోతుంది అన్నారు. మాత్ర చేతిలో పెట్టి, మంచినీళ్లు తనే తెచ్చి, మెత్తగా చెప్పారు. "నీకు ఈమధ్య నిద్ర తక్కువైంది. లేనిపోనివి ఊహించుకుంటున్నావు. కావాలంటే మన వార్డులోనే ఒక బెడ్డు ఇప్పిస్తాను, రెస్టు తీసుకుందువుగాని." ఆ బెడ్డు అంటే ఏమిటో నాకంటే తెలిసినవాళ్లు లేరు. ఒకసారి ఆయన సంతకంతో ఆ మంచమెక్కితే నేను చెప్పే ప్రతిమాటా రోగలక్షణమే.

ఈరోజు పొద్దున ఆసుపత్రికి వేరే ఊళ్లనుంచి డాక్టర్లూ నర్సులూ వచ్చారు, మా పద్ధతులు చూసి నేర్చుకోవడానికి. వాళ్లకి చూపించడానికి మా ఆయన ఒక జంటను సిద్ధం చేసుకున్నారు. మేస్త్రీ, మేస్త్రీ భార్య. మేస్త్రీ ఇళ్లు కట్టేవాడు. తాగి ఒకరోజు భార్య చెయ్యి తలుపు సందులో పెట్టి తలుపు వేశాడు. ఆవిడ వేళ్లు రెండు ఇప్పటికీ ముడవవు. ఇప్పుడు మానేశాడు. గడ్డం గీసుకుని, చొక్కా గుండీలన్నీ పెట్టుకుని, ఎవరు పలకరించినా ఏడుస్తున్నాడు. ఆవిడ తీసుకెళ్తానంటే ఈరోజే డిశ్చార్జి. ఆవిడ అనడం లేదు. అనిపించాల్సింది నేను.

వరండాలో బెంచీ మీద ఆవిడ పక్కన కూర్చుని, ఎన్నోసార్లు ఎందరితోనో చెప్పిన మాటలే మొదలుపెట్టాను. జబ్బు తగ్గింది, ఇప్పుడు మనిషి మారాడు, ఇంట్లోవాళ్లే ఆసరా. ఆవిడ తన వేళ్ల వంక చూసుకుంటూ వింటోంది. అంతలో వెనకనుంచి మా ఆయన వచ్చి, మేడం, అంతా రెడీనా అంటూ నా భుజం మీద చెయ్యి వేశారు. నా చేతులు రెండూ వాటంతటవే లేచి ఛాతీ మీద కత్తెర వేసుకున్నాయి. ఆయన పకపకా నవ్వి, క్లాసు ఇంకా మొదలవలేదు మేడం అంటూ వెళ్లిపోయారు. నేను చేతులు దించుకునేలోపే మేస్త్రీ భార్య చూసేసింది.

బెంచీ మీద నా దగ్గరికి జరిగి, గొంతు తగ్గించి అడిగింది.

"మీ ఆయన ఏం తాగుతాడు మేడం?"

అబద్ధం చెబుదామంటే అబద్ధం కూడా దొరకలేదు. "ఏమీ తాగరు" అన్నాను.

ఆవిడ ముడవని వేళ్లు నిమురుకుంది. "మరి ఆయన చేత ఏం మాన్పిస్తారు?"

నా చదువంతా, ఆ రీసెర్చి అంతా ఒకపక్కన పెడితే ఆ ప్రశ్న ఒకపక్క. లోపలినుంచి సిస్టరు పిలిస్తే లేచి వెళ్లాను.

భోజనాల హాల్లో బల్లలు పక్కకి జరిపి క్లాసు పెట్టారు. ఒకవైపు పై ఊళ్లనుంచి వచ్చినవాళ్లు, ఒకవైపు వరసగా రోగుల భార్యలు. మేస్త్రీ తలుపు దగ్గర నిలబడ్డాడు. మా ఆయన కోటు మడత నలగకుండా మెరుస్తోంది. ముందు పట్టు చూపిస్తానన్నారు, తర్వాత కుటుంబాల మాటలన్నారు. రెండు నియమాలూ చెప్పారు. పట్టబోయేవాడు ముందు పట్టుబడాలి అని ఆయన అంటున్నప్పుడు, ఎప్పటిలాగే రోగి వేషానికి నేను ముందుకొచ్చాను. వచ్చి, ఎప్పుడూ అననిది అన్నాను.

"డాక్టరుగారు ఇంతవరకూ ఎవరికీ పట్టుబడలేదండీ. ఈరోజు నేను పడతాను."

హాల్లో నవ్వులు. ఆయనా నవ్వారు, నవ్వక చస్తారా, రాసిన నియమం ఆయనదే. "ఇంట్లో ఎలాగూ ఆవిడ పట్టులోనే ఉన్నాను" అని జోకు వేసి చేతులు ముందుకి దాటించి ఇచ్చారు. మగవాళ్లందరూ ఇంకా గట్టిగా నవ్వారు. నేను వెనకనుంచి వెళ్లి పట్టుకున్నాను. ఎందరికో నేర్పిన పట్టు, భుజం మండిపోతున్నా చేతులు తప్పలేదు. గోడకి ఆనించాను. బరువు వేశాను. ఆయన చెంప గోడకి అణిగింది. ఆయన చెవి నా నోటికి ఇంత దగ్గరగా ఎప్పుడూ లేదు. కాసేపటికి నా తొడ మీద రెండుసార్లు తట్టారు.

నేను వదల్లేదు.

మళ్లీ తట్టారు. బూటు నేలకేసి రుద్దారు. ఊపిరి పిల్లిలా గురగురమంటోంది. ఆయన వీపులోకి భయం పాకడం నా ఛాతీకి తెలిసింది, దాన్ని తెచ్చింది నేనే అనీ తెలిసింది. అప్పుడు నా గొంతులోంచి కడుపులోకి ఏదో వెచ్చగా, తియ్యగా దిగింది. ఆ వెచ్చదనానికి ఇంకొంచెం లాగాలనిపించింది. ఇంకొంచెం, ఆ భుజంలోనూ తడికట్టె విరిగిన చప్పుడు వినాలనిపించింది. నాకు తెలుసు ఇదేమిటో. మొదటి గుక్క గురించి మగవాళ్లు నా ఎదుట కూర్చుని ఎన్నిసార్లు చెప్పలేదు, అచ్చం ఇవే మాటలు. ఇన్నాళ్లూ సీసా కోసం వెతికాను. మా ఆయన తాగేది ఇదన్నమాట. ఇంటినిండా ఉన్నది ఇదే, చేతులు కత్తెర వేసి ఇచ్చి పోసినదాన్ని నేనే.

"మేడం" అంది హెడ్ సిస్టరు భయంగా. వదిలేశాను. నా చేతులు నాకే అసహ్యమనిపించి చీరకి తుడుచుకున్నాను.

ఆయన మొహం ఎర్రగా కమిలింది. చెయ్యి పైకి లేచి, జనం గుర్తొచ్చి, కోటు సర్దుకుంది. రెండు క్షణాల్లో మళ్లీ మాస్టారైపోయారు. వచ్చినవాళ్ల వైపు తిరిగి, "చూశారా, ఎలా పట్టకూడదో మేడం చూపించారు. తడితే వదలాలి. వదలకపోతే అది వైద్యం కాదు, హింస" అన్నారు.

"అవునండీ" అన్నాను. "నిన్న వంటింట్లో నేను ఎన్నిసార్లు తట్టానో మీకు గుర్తుందా?"

ఎవరూ నవ్వలేదు. పహిల్వాన్ నా భుజం వంక చూసి తల దించుకున్నాడు. మా ఆయన గొంతు మెత్తబడింది, మాత్ర ఇచ్చేటప్పటి గొంతు. మేడంకి కొన్నాళ్లుగా ఒంట్లో బాగుండటం లేదు, సిస్టర్, లోపలికి తీసుకెళ్లండి అన్నారు. సిస్టరు అడుగు ముందుకి వేసింది, ఎటూ తేల్చుకోలేక ఆగింది. ఆ బెడ్డు గోడకి అవతలే ఉంది. అప్పుడు వరసలోంచి మేస్త్రీ భార్య లేచింది. డాక్టరు వంక కాదు, నా వంకే చూసి అడిగింది.

"ఇప్పుడు చెప్పండి మేడం. మా ఆయన్ని ఇంటికి తీసుకెళ్లమంటారా?"

"వద్దు" అన్నాను. "భయం పోయిందని నీకు అనిపించేదాకా వద్దు. ఎవరు చెప్పినా వద్దు, నేను చెప్పినా సరే."

తలుపు దగ్గర మేస్త్రీ ఏడుపు ఆపాడు. అతని పిడికిలి బిగుసుకోవడం హాలంతా చూసింది. ఆవిడా చూసి, మెల్లగా కూర్చుంది.

ఎదురుగా నా కుర్చీ ఖాళీగా ఉంది. రోజూ తల ఊపే కుర్చీ. దాన్ని దాటి వెళ్లాను. ఆడవాళ్ల వరసలో మేస్త్రీ భార్య కాస్త జరిగి, ముడవని వేళ్లున్న చెయ్యి బెంచీ మీదినుంచి తీసి నాకు చోటిచ్చింది. కూర్చున్నాను. ఎవరో దగ్గారు. మా ఆయన నా పేరు పెట్టి పిలిచారు, ఒకసారి, తర్వాత ఇంకోసారి. లేచి నిలబడ్డాను, అక్కడికి వచ్చిన ఆడవాళ్లందరూ నిలబడినట్టే, వాళ్లందరూ మొదలుపెట్టినట్టే మొదలుపెట్టాను.

"మా ఆయన తాగడు."