ఎర్రగీత పడని గోడ

పుల్లతో డబ్బాలో రంగు కలుపుతున్నాడు గీతల మామ. కొత్త మేడల తలుపుల మీద నంబర్లు వెయ్యడం ఇవాళ్టి పని. గోళ్ళ సందుల్లో మాత్రం ఇంకా పాత ఎరుపే, ఏ సబ్బుకీ వదిలి చావదు. "మనింటి గోడకి సున్నం దిక్కులేదు గానీ, ఊళ్ళో గోడలన్నీ నీకే కావాలి" అని భార్య పొద్దున్నే ఒకటి అంటించి పంపింది. ఎప్పటిలా నవ్వలేకపోయాడు.

పాత వాడలో మున్సిపాలిటీ చెప్పిన ఇంటికల్లా ఎర్రగీత గీసింది ఇతనే. గీత పడితే ఇల్లు కూలుస్తారని ఎరుగును. గీత పడిన ఇంటికే సర్కారు గ్రాంటు వస్తుందనీ, ఆ గ్రాంటుతోనే మేడలో వాటా అనీ అతనికెవరు చెప్పారు కనుక! అందుకే ఆ రోజు కుట్టుపెద్దమ్మ, బట్టలు కుట్టుకు బతికే ఒంటరి మనిషి, అడ్డంగా నిలబడి "వద్దు నాయనా, మీ పెదనాన్న తన చేత్తో కట్టిన గోడ" అంటే మనసు కరిగి బ్రష్షు దించేశాడు. పుణ్యం చేశాననుకుని ఆ పూట కడుపునిండా తిన్నాడు కూడా.

తర్వాత మేడల్లో వాటాలకి వాడంతటికీ పిలుపులొచ్చాయి, పెద్దమ్మకు రాలేదు. అప్పుడు తెలిసింది. తెలిసీ నోరు మెదపలేదు, ఉద్యోగం ఊడుతుందని. ఇప్పుడు చుట్టూ మట్టిదిబ్బలు, నడుమ ఆమె ఇల్లొక్కటే, నోట్లో మిగిలిన ఒంటిపన్నులా.

మధ్యాహ్నం ఆమె ఆయాసపడుతూ మేడమెట్లెక్కి వచ్చింది.

"ఏరా అబ్బాయ్, నా గుమ్మం ఏదిరా? పై అంతస్తు మాత్రం వద్దు, ఈ మోకాళ్ళు నా మాట వినవు."

"ఇంకా... రాలేదు పెద్దమ్మా."

"పోన్లే, ఆఫీసోళ్ళు మర్చిపోయుంటారు. ఎంతమందినని గుర్తుపెట్టుకుంటారు పాపం! మధ్యలో నీ తప్పేముంది?" అంటూ అతని చెంప మీది రంగుమరక చేతిగుడ్డతో తుడిచింది.

లాగి కొట్టినా ఆ చెంప అంత మండేది కాదు. ఆమె మెట్లు దిగేదాకా గోడవైపే తిరిగి నిలబడ్డాడు. ఆ తర్వాత వేసిన నంబరు వంకరపోయింది. తుడిచి మళ్ళీ వేశాడు, మళ్ళీ వంకరే. పొద్దువాలుతుండగా ఇంజనీరు దగ్గరికి వెళ్ళాడు.

"సార్, ఆవిడింటికి గీత గియ్యంది నేనే. బతిమాలితే వదిలేశాను. తర్వాత సంగతి తెలిసీ దాచాను."

ఇంజనీరు కలం కింద పెట్టాడు. "ఇన్నాళ్ళూ ఆవిడ కళ్ళెదుట ఎలా తిరిగావయ్యా?"

అని ఫైలు లాక్కుని తిరగేశాడు.

"గ్రాంటు గడువు ఇంకా ఉంది. పో, ఇప్పుడే గీసి రా. నీ సంగతి తర్వాత చూస్తాను."

ఎర్రరంగు డబ్బా పట్టుకుని, రంగు ఒలికిపోతున్నా చూసుకోకుండా దిబ్బలు దాటుకుంటూ వెళ్ళాడు. తలుపు బార్లా తీసి ఉంది. పెద్దమ్మ కునుకు తీస్తున్నట్టు గోడకు చేరగిలబడి కూర్చుంది.

"పెద్దమ్మా, వస్తుందే నీ వాటా! కింది అంతస్తే అడుగుతాను" అన్నాడు గుమ్మంలోంచే. మళ్ళీ పిలిచాడు. దగ్గరికెళ్ళి చెయ్యి తాకాడు. చల్లగా ఉంది.

ఆమె ఒళ్ళో, కొత్త గుమ్మానికని కుట్టుకుంటున్న కర్టెన్. పక్క అంచులు సన్నటి కుట్టుతో ముగిశాయి. గుమ్మం ఎత్తు తెలియక కింది అంచు మాత్రం మడవకుండా వదిలేసింది. దారం ఎక్కించిన సూది ఆ అంచుకే గుచ్చి ఉంది.