బావిలో పడ్డ పాతాళగరిగ

నేను ఒక పాతాళగరిగను. ఇనుప కడియం, దాని చుట్టూ తొమ్మిది కొక్కేలు. అంతే నా ఒళ్లు. బావిలో బక్కెట్టు పడితే మోకు కట్టి నన్ను దింపుతారు. తడిమి, తగిలించుకుని పైకి తెస్తాను. పడినవాటిని తీయడం తప్ప ఇంకో పని రాదు.

అరిగిపోయిన బండి పట్టాను కాల్చి మద్దిలేటి అనే కమ్మరి నన్ను చేశాడు. అంతకుముందు నలభై ఏళ్లు చక్రానికి చుట్టుకుని తిరిగాను. ఇక వేలాడితే చాలనుకున్నాను. సుంకమ్మ కొర్రలు కొలిచి ఇచ్చి నన్ను ఇంటికి తెచ్చుకుంది.

ఊరు దిబ్బలదిన్నె, హగరి ఏటి ఒడ్డున. ఏడాదిలో ఆ ఏరు పారేది నాలుగు రోజులు, ఎగిరేది మూడు నెలలు. ఆషాఢం గాలికి ఏట్లో ఇసుక లేచి చేలల్లో పడుతుంది. పొద్దున వాకిట్లో పెట్టిన చీపురు సాయంత్రానికి కనపడదు. అందుకే సుంకమ్మ ఒక కట్టడి పెట్టింది. నన్ను తీసుకుపోయేవాళ్లు బిందెనో చెంబునో ఆమె ఇంట్లో ఉంచిపోవాలి. నన్ను తెచ్చిచ్చి దాన్ని తీసుకుపోవాలి. విత్తనాలు అడిగితే మారుమాట లేకుండా ఇచ్చే మనిషి, నా దగ్గరికి వచ్చేసరికి కన్నకొడుకునైనా నమ్మేది కాదు. నాకు కొంచెం గర్వంగానే ఉండేది.

ఆ ఏడు గాలి ముందే వచ్చింది. ఊరికి ఉన్న ఒక్క తీపినీళ్ల బావిలోకి ఇసుక దిగింది. బక్కెట్టు వేస్తే బురద వచ్చేది. ఏటికి అవతల బోరు ఉంది, అక్కడికి పోదామని ఎర్రిస్వామి అనే రైతు అన్నాడు. అందరూ సరేనన్నారు. ఇక్కడ ఊరు మారేవాళ్లు మొదట తలుపులు ఊడదీస్తారు. పన్నెండు ఇళ్ల తలుపులు బండ్లెక్కాయి. సుంకమ్మ తలుపు మాత్రం ఉన్నచోటే ఉంది.

బండి కట్టే రోజున ఎర్రిస్వామి బక్కెట్టు బావిలో పడింది. సామానంతా మూటగట్టేశాడు. బయట మిగిలింది వాళ్లమ్మ నాటి ఇత్తడి బిందె ఒక్కటే. దాంతో నీళ్లు తీసుకుని కొత్తింట్లో అడుగు పెట్టాలి మరి. ఆ బిందెనే సుంకమ్మ ఇంట్లో పెట్టి నన్ను తీసుకుపోయాడు.

బురదలో బక్కెట్టు దొరికింది. పట్టుకున్నాను. అతను గట్టిగా గుంజాడు. మోకు తెగింది. పడినవాటిని తీసే నేనే పడ్డాను. నన్ను తీయడానికి ఊళ్లో ఇంకో గరిగ లేదు. రెండు రోజులు గాలి నా మీద ఇసుక పోసింది.

బావిలో ఉన్నవాళ్లకు పైమాటలు బాగా వినిపిస్తాయి.

"గరిగ పోయిందవ్వా. బిందె ఇయ్యి, బండ్లు కదలల్ల" అన్నాడు ఎర్రిస్వామి.

"గరిగ ఇయ్యి, బిందె తీస్కపో" అంది సుంకమ్మ.

"ఇసకలో యాడని ఎతకల్ల?"

"యాడ పడేస్తివో ఆడ్నే ఎతుకు నాయనా. నేనేమన్నా మింగితినా?"

"ఊరే పోతాంది. ఇంక గరిగతో నీకేం పని?"

"ఊరు పోతే పోనీ. నా గరిగ నాకు రావల్ల."

అతని భార్య తిప్పక్క బండి దగ్గరి నుంచి వచ్చింది. "ఆ బిందె లేకుండా నేను ఆ ఇంటి గడప తొక్కను. మాటల్తో ఇసక పోతాదా? దిగి తవ్వు" అంది.

అతను పార పట్టుకుని దిగాడు. ఒక్కడి వల్ల కాలేదు. దారి ఇరుకు, ముందున్న అతని బండి కదిలితేగాని వెనకవి కదలవు. అందుకని అందరూ గంపలు అందుకున్నారు. మూడు రోజులు తిట్టుకుంటూ తోడారు. తిట్లన్నీ నాకే. మూడో నాటి మధ్యాహ్నం పార నా కొక్కేనికి తగిలి ఖంగుమంది.

ఎర్రిస్వామి నన్ను ఊడబెరికాడు. నేనున్న గుంతలో నీళ్లు ఊరాయి. మొదట అరచేతి మందం, కాసేపటికి మోకాటి దాకా. అతను దోసిట పట్టి తాగాడు.

"బిందె దింపమను" అని పైనున్నవాళ్లకు కేకేశాడు.

సుంకమ్మ తనే బిందెకు కొత్త మోకు కట్టి దింపింది. నిండిన బిందెను తిప్పక్క చంకనెత్తుకుని బండి వైపు కాదు, తన పాత ఇంటి వైపు నడిచింది. పొద్దు వాలేలోపే తలుపులు బిగించే సుత్తి దెబ్బలు వినిపించాయి.

ఇప్పుడు ఊళ్లో కుళాయిలున్నాయి. సుంకమ్మ మనవరాలి ఇంట్లో మేకుకు వేలాడుతున్నాను. అయినా ఏటా ఆషాఢానికి ముందు ఊరంతా దిగి బావిలో ఇసుక తోడతారు.

ఒక్క మాట మిగిలింది. ఆ రోజు నన్ను ఎర్రిస్వామికి ఇచ్చే ముందు సుంకమ్మ కొత్త మోకునే చేతిలోకి తీసుకుంది. బండ్ల మీది తలుపుల వైపు కాసేపు చూసింది. దాన్ని మళ్లీ మేకుకు తగిలించి, గూట్లోంచి పీచు లేచిన పాతది తీసి నాకు కట్టింది. ఎందుకని నేను అడగలేదు. ఇనుముకు అడిగే అలవాటు లేదు. చెప్పడం కూడా ఇదే మొదలు.