వెనక తలుపు

ఎండుమిరపకాయల తొడిమలు తీస్తుంటే ముందు మండేది ముక్కు. చేతుల మంట నెమ్మదిగా మొదలవుతుంది కానీ ఎంత కడిగినా పోదు. నేను సెలవు మీద ఖమ్మం పక్కన ఖానాపురం హవేలికి వచ్చిన ప్రతిసారీ మా అత్తమ్మ ద్వాలి నాకోసం ఏదో ఒక పని దాచి ఉంచుతుంది, గాల్లో తిరిగే కోడలు నేలమీద ఎట్లా కూర్చుంటుందో చూద్దామని కాబోలు. ఈసారి బస్తాడు మిరపకాయలు. “విమానంల చాయలు పోసే చేతులేనాయె, గివి గూడ చేస్తయ్ తియ్,” అంది. నవ్వాను. నవ్వకపోతే అదే మాట ఇంకో రకంగా మళ్లీ వస్తుంది.

ఇవాళ నాకొక ఫోన్ రావాలి. బేగంపేట నుంచి తిరిగే ఒక ప్రైవేటు కంపెనీ చిన్న విమానంలో నేను క్యాబిన్ సిబ్బందిని. పోయిన నెల రాజమండ్రిలో దిగగానే లోపల పొగ కమ్మింది. ముందు తలుపు దగ్గర నేను, వెనక తలుపు దగ్గర కొత్తగా చేరిన రుక్మిణి. వెనక తలుపు తెరుచుకోలేదు. ఆ పిల్ల రెండు చేతులతో హ్యాండిల్‌కు వేలాడింది. వెనక్కి ఉరికిన జనమంతా ఒక్కసారిగా ముందుకు తిరిగారు. ఒక ముసలామె కిందపడితే ఆమె మీదినుంచే వచ్చారు. తుంటి విరిగింది. నేను ఇప్పటికీ కళ్లు మూసుకుంటే ఆమె చెప్పులు కనబడతాయి. మర్నాడే రుక్మిణిని డ్యూటీ నుంచి తీసేశారు, కంగారులో తలుపు తెరవడం చేతకాలేదని.

ఆ తలుపు ఉగాదినుంచీ పట్టేస్తోంది. మా మేనేజర్‌కు ఒకటికి మూడుసార్లు చెప్పాను. “రాసివ్వకు ఉషా. రాస్తే విమానం నిలబెట్టాలి. నిలబెడితే పైవాళ్లకు నేను జవాబు చెప్పాలి. గట్టిగా లాగితే వస్తోందిగా?” అన్నాడు. వచ్చేది. జనం ఎక్కకముందు, తీరిగ్గా, పొగ లేనప్పుడు వచ్చేది. ఇప్పుడు బయటినుంచి, ఢిల్లీనుంచి ఒక విచారణ బృందం వచ్చింది. ఈ కంపెనీలో ప్రమాదం కనబడితే కిందివాళ్లు నోరు విప్పుతున్నారా, విప్పితే పైవాళ్లు వింటున్నారా అని సిబ్బందిని ఒక్కొక్కరినీ ఫోన్‌లో అడుగుతున్నారు. ఇవాళ నా వంతు.

ఫోన్ మోగింది. నా చేతులనిండా కారం. మా ఆయన భాస్కర్ అందుకున్నాడు. “అవ్ సార్, నమస్తే సార్. చెప్పిన సార్. ఆమె ఏం మాట్లాడది, నాది పూచీ,” అని పెట్టేశాడు. ఆ గొంతులోని చనువు చూసి నా చేతులు ఆగిపోయాయి.

“ఎవరు?”

“మీ మేనేజర్. మొన్నటిసంది నాకు చేస్తుండు. నువ్ భయపడ్తవని చెప్పలే. తలుపు మంచిగనే ఉండె, నేనెవ్వరికీ ఏం చెప్పలేదు అను. గంతే. నిన్ను ట్రైనింగ్ సెక్షన్‌ల ఏస్తరంట. ఎగురుడు గూడ తప్పుతది.”

“మరి రుక్మిణి?”

“ఆ పిల్ల మనకేమైతది ఉషా?”

నా మౌనాన్ని వాళ్లు నన్ను అడగలేదు. ఆయన్ను అడిగారు, ఆయన ఇచ్చేశాడు. భాస్కర్ చెడ్డవాడని ఎవరూ అనరు. ఖమ్మం కోచింగ్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాడు, నా మీద ఏనాడూ గొంతు పెంచలేదు. నాకు భయం ఆ పెంచని గొంతంటేనే. అరిస్తే నేనూ అరిచేదాన్ని. చుట్టాలొచ్చినప్పుడల్లా, “ఉద్యోగానికి నేనే పర్మిషన్ ఇచ్చిన,” అని నవ్వుతూ చెప్పుకుంటాడు. ఉద్యోగం పోతే ఈ ఇంట్లో నా గతి ఏమిటి? పోకపోతే? ట్రైనింగ్ సెక్షన్‌లో కూర్చుని, తలుపు ఎట్లా తెరవాలో కొత్తపిల్లలకు నేను నేర్పాలి.

అడవి అంచున మా తండాలో జొన్నచేనికి కావలి ఉన్నప్పుడు మంచె మీద ఆడపిల్లలమే ఎక్కువ ఉండేవాళ్లం. అడవిపంది కదిలినట్టనిపిస్తే కేక వేయాలి. వట్టిదే అయినా, తండా అంతా కర్రలతో లేచి వచ్చినా, ఎవరూ ఒక్క మాట అనేవాళ్లు కాదు. “చూసి గమ్మునున్నోళ్లనే మంచె దించుతరు బిడ్డా,” అనేది మా అమ్మ బాలి. అక్షరం రాని మనుషులు పెట్టుకున్న కట్టుబాటు అది. టై కట్టుకున్న మా మేనేజర్ దగ్గర, కేక వేసినందుకే దిగాల్సి వస్తుంది.

మళ్లీ ఫోన్. ఈసారి ఢిల్లీ నంబరు. “నీ చేతులకు కారముంది, నేను మాట్లాడ్త. నీకు పానం బాగలేదని చెప్త,” అంటూ భాస్కర్ చెయ్యి చాపాడు. అతనికన్నా ముందు నేనే తీసుకున్నాను. చెవి, చెంప భగ్గుమన్నాయి.

“తెలుగులోనే చెప్పండమ్మా,” అన్నాడు అటునుంచి ఒక పెద్దాయన. “ఆ తలుపు సంగతి మీరు ముందెప్పుడైనా ఎవరికైనా చెప్పారా?”

భాస్కర్ నాకేసి అడ్డంగా తల ఊపాడు, పరీక్షలో పిల్లవాడు తప్పు రాస్తుంటే ఊపినట్టు. అత్తమ్మ మిరపకాయ పట్టుకుని అట్లాగే ఉండిపోయింది.

“చెప్పిన సార్. మా మేనేజర్‌కు ఒకటికి మూడుసార్లు చెప్పిన. రుక్మిణి తప్పేం లేదు. గంత పొగల ఆ తలుపు ఎవ్వరికీ రాదు.”

ఆయన ఇంకొకటి అడిగాడు. “ఈ మాట మాకు చెప్పొద్దని మిమ్మల్ని ఎవరైనా ఒత్తిడి చేశారా?”

కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, ఆ చేతులతో తుడుచుకునే వీల్లేదు. మసకమసకగా భాస్కర్ కనబడుతున్నాడు, చెయ్యి ఇంకా చాపే ఉంది.

“చేసిండ్రు సార్. మా మేనేజర్ చేసిండు. మా ఆయన గూడ చేసిండు. ఈడనే ఉన్నడు, ఫోన్ ఇయ్యమంటరా?”