స్వయంపాకం

చంద్రగిరి గుడి వంటస్వామి సౌందరరాజన్ యాడికి పోయినా తన వంట తానే వండుకుంటాడు. భార్య రంగనాయకి చేతి వంటను కూడా పరాన్నమనే అంటాడు. గంగాళాల్లో పులిహోర కలిపీ కలిపీ ఆయన కుడి భుజం వాచింది. తిరుపతి డాక్టరు రక్తంతో చేసే సూది వేస్తానన్నాడు.

"ఎవరి రక్తమప్పా?"

"మీదే స్వామీ. మిషన్లో తిప్పితే పైన పసుపు నీళ్ళు తేలతాయి. వాటినే భుజంలోకి ఎక్కిస్తాము."

"అయితే ఇదీ స్వయంపాకమే," అంటూ తృప్తిగా చెయ్యి చాచాడు.

సూది వేశాక డాక్టరు, "నెల దాకా గరిటె పట్టుకోకూడదు," అన్నాడు.

సౌందరరాజన్ ముఖం వాడిపోయింది.

పక్కనే కూర్చున్న రంగనాయకి నింపాదిగా అంది. "దానికేముండాది డాక్టరుగారూ, పరాన్నం నేను వండి పెడతాను."