నూలు దండ

కాగే నూనె పడి గోపాల్ చెయ్యి మోచేతి దాకా బొబ్బలెక్కింది. "ఇండియా వెళ్ళిపోతా, నా పాస్‌పోర్ట్ ఇప్పించండి సార్" అని అతను బతిమాలుతుంటే, హోటల్ ఓనర్ జగన్మోహన్ డ్రాయర్‌కి తాళం వేసుకున్నాడు.

"కాంట్రాక్ట్ అయ్యాక చూద్దాం. ఆదివారం ఇండిపెండెన్స్ డే ఫంక్షన్. నాలుగొందల మందికి వంట!"

గోపాల్ వెంట వచ్చిన వంటమనిషి సుమతికి ఒళ్ళు మండిపోయింది. అమెరికాలో, ఎడిసన్‌లోని ఆ వంటింట్లో పనిచేసే తొమ్మిదిమంది పాస్‌పోర్టులూ ఆ డ్రాయర్‌లోనే ఉన్నాయి.

ఆ మధ్యాహ్నం అందరూ గుమిగూడారు.

"పోలీసొస్తే మనల్నే పట్కపోతరు. ఊకోండ్రి," అన్నాడు తిరుపతయ్య.

వాళ్ళందరిలోకీ పెద్దదైన రాజేశ్వరమ్మ నూలు వడికే తకిలీ తిప్పుతూ కూర్చుంది. యాభై ఏళ్ళ కిందట, నలభైరెండు క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకెళ్ళిన మనిషని తెలిసి, గాంధీగారి ఫొటోకి నూలు దండ ఆమె చేత్తోనే వడకమన్నాడు జగన్మోహన్. ముచ్చటపడ్డాడు మహానుభావుడు!

"పిన్నిగారూ, గాంధీగారొక్కరే తెచ్చారా స్వతంత్రం?" సుమతి అడిగింది.

"తెచ్చి చేతిలో పెట్టలేదమ్మా. మా భయం వదిలించాడు. లేవమన్నచోట కూర్చోవడం నేర్పాడు. జైళ్ళు నింపింది మేం." దారం తెగకుండా చూసుకుంటూ అంది. "ఆదివారం పాస్‌పోర్టులు ఇచ్చేదాకా నేను కూర్చుంటా. మీరు స్టవ్‌లు ఆపండి."

తిరుపతయ్య లేచి గిన్నెల దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఆదివారం హాలు కిటకిటలాడింది. "ఒక్క మహాత్ముడు మనందరికీ స్వాతంత్ర్యం తెచ్చిపెట్టాడు!" అని జగన్మోహన్ మైకులో ఊదరగొట్టి, దండ వెయ్యమని రాజేశ్వరమ్మని పిలిచాడు.

ఆమె స్టేజీ ఎక్కి ఫొటో ముందు నేలమీద కూర్చుంది. "మా పాస్‌పోర్టులు తెండి. అప్పుడు వేస్తా."

హాలంతా గుసగుసలు రేగాయి. వంటింట్లో స్టవ్‌లు ఆరిపోయాయి.

"వాట్ నాన్సెన్స్! లేవండి పిన్నిగారూ, పరువు తీస్తున్నారు!"

ముందు వరసలోంచి జగన్మోహన్ కూతురు, ఇక్కడే పుట్టి పెరిగిన ఉష లేచింది. "డాడీ, వాళ్ళ పాస్‌పోర్ట్స్ నీ దగ్గర ఎందుకు ఉంది?"

జగన్మోహన్ మైకు కింద పెట్టాడు. ఫోన్ దగ్గరికి పరిగెత్తాడు.

పోలీసులొచ్చి రాజేశ్వరమ్మని రెక్కలు పట్టి లేపారు. వెళ్తూ ఆమె నూలు దండ తలుపు దగ్గర నిలబడ్డ సుమతి చేతిలో పెట్టింది. సుమతి దాన్ని గుప్పిట బిగించి పట్టుకుంది. వెళ్ళి, ఖాళీ అయిన ఆ చోట కూర్చుంది. కట్టు కట్టిన చేత్తో గోపాల్ వచ్చి పక్కన చేరాడు.

"దండ ఇటివ్వు!" జగన్మోహన్ చెయ్యి చాపాడు.

"పాస్‌పోర్టులు తెండి," అంది సుమతి.

వంటింటి తలుపు తోసుకుని, చేతులు తుడుచుకుంటూ తిరుపతయ్య వచ్చాడు. వెనక మిగిలిన ఐదుగురూ.

"పోలీసు బండి పెద్దదే తెప్పియ్యి సార్. మేం శానామందిమి ఉన్నం," అని వాళ్ళ పక్కనే చతికిలబడ్డాడు.

ఉష చెప్పులు విప్పి స్టేజీ ఎక్కింది.